హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ సీటు: దరఖాస్తు నుంచి కాలేజీలో చేరే రోజు దాకా

బీఎస్సీ నర్సింగ్ అనగానే అందరూ ముందు అడిగేది ర్యాంకు ఎంత అని. ర్యాంకు ముఖ్యమే, కాదనను. కానీ ఫర్వాలేదనిపించే ర్యాంకు చేతిలో ఉండి కూడా సీటు పోగొట్టుకునేవాళ్ళు ఏటా కనిపిస్తారు. ఒకరి కులం సర్టిఫికెట్‌లో పేరు వేరుగా ఉంటుంది. ఇంకొకరు ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పటికే వేరే కాలేజీలో ఇచ్చేసి ఉంటారు. మరొకరు కౌన్సెలింగ్‌లో మూడంటే మూడు కాలేజీలకే ఆప్షన్లు పెట్టి ఊరుకుంటారు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ గురించి చెప్పేవాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లోనూ అమీర్‌పేటలోనూ సందుకొకరు ఉంటారు. నర్సింగ్ గురించి అడిగితే మాత్రం "నెట్ సెంటర్‌లో కనుక్కో" అంటారు. అందుకే ఇక్కడ చదువు గురించి కొంచెమే చెప్పి, కాగితాల గురించి, తేదీల గురించి, ఆప్షన్ల గురించి ఎక్కువ చెప్తాను.

అర్హత ముందు చూసుకోండి

ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి 45 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. ఇంగ్లిష్ విడిగా పాసై ఉండాలి. శాతాల్లో చెబితే పిల్లలకు పట్టదు కాబట్టి మార్కుల్లో చూద్దాం. తెలంగాణ ఇంటర్ బోర్డులో ఇప్పటిదాకా ఉన్న పద్ధతి ప్రకారం బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కోదానికి రెండేళ్ళ థియరీ 120, ప్రాక్టికల్స్ 30, మొత్తం 150. నాలుగూ కలిపితే 600. అందులో 270 ఉంటే 45 శాతం, 240 ఉంటే 40 శాతం. మెమో ముందు పెట్టుకుని ఈ నాలుగు మాత్రమే కూడండి. ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్ మార్కులు బాగా వచ్చాయి కదా అని వాటినీ కలిపేసి ధీమాగా ఉండొద్దు. తక్కువ పడేలా ఉంటే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు. ఫలితాలు వచ్చిన వెంటనే ఫీజు కట్టాలి, గడువు కొన్ని రోజులే ఉంటుంది.

వయసు విషయంలో, చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. 2026లో చేరాలంటే 2009 డిసెంబరు 31న గానీ అంతకు ముందు గానీ పుట్టి ఉండాలన్నమాట. చిన్నప్పుడు తొందరపడి ఒక ఏడాది ముందే బడిలో వేసిన ఇళ్ళలో ఇది ఇబ్బంది పెడుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది టెన్త్ మెమోలో ఉన్న పుట్టిన తేదీ.

అబ్బాయిలు ఒక్క మాట గమనించండి. నర్సింగ్ అబ్బాయిలూ చేస్తున్నారు, ఉద్యోగాలూ వస్తున్నాయి. అయితే కొన్ని కాలేజీల్లో సీట్లు అమ్మాయిలకే. నోటిఫికేషన్‌లో కాలేజీల జాబితా పక్కన ఆ వివరం చూసుకున్నాకే ఆప్షన్ల లెక్క వేసుకోండి.

ఎన్ని దారులున్నాయో తెలుసుకోండి

హైదరాబాద్‌లో ఉండి చదవాలనుకునేవాళ్ళకు పెద్ద దారి తెలంగాణ ఈఏపీసెట్. పాత అలవాటుకొద్దీ ఇంకా ఎంసెట్ అనే అంటుంటాం. ఇందులో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం రాయాలి. ఆ ర్యాంకు ఆధారంగా వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కన్వీనర్ కోటా సీట్లు, అంటే కౌన్సెలింగ్‌లో మెరిట్ ప్రకారం ఇచ్చే సీట్లు భర్తీ చేస్తుంది. సోమాజిగూడ గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్, గాంధీ ఆస్పత్రి నర్సింగ్ కాలేజీ, జిల్లాల్లో కొత్తగా వచ్చిన ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు, ప్రైవేట్ కాలేజీల్లోని కన్వీనర్ సీట్లు అన్నీ ఈ దారిలోనే వస్తాయి. ఒక సంగతి మరచిపోవద్దు. ఈఏపీసెట్ పరీక్ష పెట్టేది జేఎన్‌టీయూ, నర్సింగ్ సీట్లు ఇచ్చేది వరంగల్ యూనివర్సిటీ. పరీక్ష రాసినంత మాత్రాన నర్సింగ్‌కు దరఖాస్తు చేసినట్టు కాదు. యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇచ్చాక మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, మళ్ళీ ఫీజు కట్టాలి. "ఎంసెట్ రాశాం కదా, పిలుస్తారులే" అని ఎదురుచూసేవాళ్ళను ఎవరూ పిలవరు.

పంజాగుట్ట నిమ్స్ సంగతి వేరు. అది స్వయంగా ఒక యూనివర్సిటీ. అక్కడి నర్సింగ్ కాలేజీకి వాళ్ళే విడిగా నోటిఫికేషన్ ఇస్తారు. కాళోజీ యూనివర్సిటీ వెబ్‌సైట్ మాత్రమే చూస్తూ కూర్చుంటే నిమ్స్ గడువు పక్కనుంచి వెళ్ళిపోతుంది.

ఎయిమ్స్ మూడో దారి. బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కు ఢిల్లీ ఎయిమ్స్ దేశమంతటికీ ఒకే పరీక్ష పెడుతుంది. ఇది అమ్మాయిలకే. ఇంటర్‌లో ఇంగ్లిష్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. దరఖాస్తు రెండు మెట్లుగా ఉంటుంది. ముందు బేసిక్ రిజిస్ట్రేషన్ చేయాలి, అది ఆమోదం పొందాక కోడ్ తీసుకుని ఫైనల్ రిజిస్ట్రేషన్ పూర్తి చేసి ఫీజు కట్టాలి. మొదటి మెట్టు దగ్గరే "అయిపోయింది" అనుకుని ఆగిపోయేవాళ్ళు ఉంటారు. ఫోన్లో స్టేటస్ చూసుకుంటూ ఉండండి. ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ సరిగా లేకపోయినా తిప్పి పంపిస్తారు.

నాలుగోది నీట్. ఎంబీబీఎస్ కోసం రాసే పరీక్షే అయినా ఆ మార్కులతో పుదుచ్చేరి జిప్‌మర్‌లో నర్సింగ్ సీటుకు, ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ లాంటి కేంద్ర సంస్థల సీట్లకు పోటీ పడొచ్చు. వీటన్నిటికంటే ఆకర్షణీయమైనది మిలిటరీ నర్సింగ్ సర్వీస్. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లోని సైనిక ఆస్పత్రుల కాలేజీల్లో మొత్తం 220 సీట్లు, అమ్మాయిలకు మాత్రమే. నీట్ మార్కులను బట్టి షార్ట్‌లిస్ట్ చేసి, ఆ తర్వాత జనరల్ ఇంటెలిజెన్స్, ఇంగ్లిష్ మీద కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష పెడతారు. చదువయ్యాక ఆర్మీలో ఆఫీసర్ హోదాలో పనిచేయాలి, దానికి ముందే బాండ్ రాయించుకుంటారు. దేశమంతటి నుంచీ పోటీ కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కానీ ఎంబీబీఎస్ రాదని తేలిపోయినా నీట్ రాయడం మానొద్దు అనేది ఇందుకే.

నా సలహా ఏమిటంటే ఈఏపీసెట్, నీట్ రెండూ రాయండి. అమ్మాయిలైతే ఎయిమ్స్ కూడా కలుపుకోండి. సిలబస్ చాలావరకు ఒక్కటే. మరీ ఎక్కువ దారులు పట్టుకుంటే ఫీజులు, ప్రయాణాలు తప్ప మిగిలేదేమీ ఉండదు.

కాగితాలు జనవరిలోనే తీయండి

ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్ హడావుడిలో దీనికి ఎవరికీ టైం ఉండదు, నిజమే. అమ్మానాన్నలు చేయాల్సిన పని ఇది. మే, జూన్ నెలల్లో మీసేవ కేంద్రాల్లో, తహసీల్దార్ ఆఫీసుల్లో హైదరాబాద్‌లోని పిల్లలందరి దరఖాస్తులూ ఒకేసారి పడతాయి. అప్పుడు మీ ఫైలు ఎక్కడుందో చెప్పే నాథుడు ఉండడు.

మొదట చేయాల్సింది పేర్లు సరిచూడడం. టెన్త్ మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకోండి. మన దగ్గర ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరంగా, ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉంటుంది. నాన్న పేరు మెమోలో "వెంకటయ్య", ఆధార్‌లో "వెంకటేశం" అని ఉండడం వింతేమీ కాదు. టెన్త్ మెమోను మూలం అనుకుని, మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించండి. ఆధార్ మార్పుకు కొన్ని రోజులు పడుతుంది, కులం సర్టిఫికెట్‌కు ఇంకాస్త ఎక్కువ. ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు లింక్ అయి ఉందో లేదో కూడా చూడండి. ఓటీపీ ఎప్పుడో పోయిన సిమ్‌కు వెళ్తుంటే ఆ రోజు పడే టెన్షన్ మామూలుగా ఉండదు.

కులం సర్టిఫికెట్ ఒకసారి తీస్తే ఉంటుంది. ఎస్సీ విద్యార్థులు మాత్రం ఒకటి గమనించాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతం రిజర్వేషన్‌లో గ్రూపు 1కి 1 శాతం, గ్రూపు 2కి 9, గ్రూపు 3కి 5 శాతం. పాత సర్టిఫికెట్‌లో గ్రూపు ఉండదు కాబట్టి కొత్తది తీసుకుని పెట్టుకోండి. ఓసీల్లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికి మాత్రమే పనికొస్తుంది. మార్చిలో తీసినది ఏప్రిల్ రాగానే పాతదైపోతుంది. కాబట్టి దీన్ని మాత్రం జనవరిలో కాదు, ఏప్రిల్ మొదటి వారంలో తీయండి. ఆదాయం సర్టిఫికెట్‌ను కూడా కొత్తదే అడుగుతారు.

ఇక స్టడీ సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాది ఎక్కడ చదివారో చూపించే కాగితాలు ఇవి. ఒక్క ఏడాదికి కూడా ఖాళీ ఉండకూడదు. హైదరాబాద్‌లో చిన్న చిన్న ప్రైవేట్ స్కూళ్ళు రెండేళ్ళకోసారి పేరు మారుస్తాయి, కొన్ని మూతపడతాయి. మీరు ఆరో, ఏడో తరగతి చదివిన స్కూల్ ఇప్పుడు లేకపోతే ఆ రికార్డులు ఎక్కడికి చేరాయో మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి. ఒక్కరోజులో తేలే పని కాదది.

ఇక్కడే లోకల్, నాన్ లోకల్ గొడవ కూడా తేల్చుకోవాలి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, అంటే అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్ళు తెలంగాణలో చదివితే లోకల్ అవడంలో చిక్కు లేదు. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగి, టెన్త్ దాకా ఇక్కడే చదివి, ఇంటర్ మాత్రం విజయవాడలోనో గుంటూరులోనో రెసిడెన్షియల్ కాలేజీలో చదివినవాళ్ళకే చిక్కంతా. ఇల్లు ఇక్కడే ఉంది కదా అంటే సరిపోదు. అలాంటివాళ్ళు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో లోకల్ అభ్యర్థి నిర్వచనం ఉన్న పేరాను ఒకటికి రెండుసార్లు చదివి, నివాస ధ్రువీకరణ లాంటివి ఏమడిగారో చూసి, దరఖాస్తుకు ముందే యూనివర్సిటీ హెల్ప్‌లైన్‌లో అడగండి. ఆంధ్రలో లోకల్ అయ్యే అవకాశం ఉంటే అటు డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ కూడా చూస్తుండండి.

అన్నీ వచ్చాక స్కాన్ చేయించండి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలు అప్‌లోడ్ చేయొద్దు. అక్షరం కనబడకపోతే వెరిఫికేషన్‌లో పక్కన పెడతారు. ప్రతి ఫైలుకూ పేరు పెట్టి, డ్రైవ్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకోండి.

పరీక్షలో బయాలజీ మీద నిలబడండి

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. సగం బయాలజీయే. తప్పు రాస్తే మార్కు పోదు, కాబట్టి చివరి పది నిమిషాల్లో ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. క్వాలిఫై కావడానికి 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు, ర్యాంకు పూర్తిగా పరీక్ష మీదే. ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ కనబడతాయి కాబట్టి తెలుగు మీడియం పిల్లలు భయపడక్కర్లేదు.

ఎయిమ్స్ పరీక్ష తీరు వేరు. 100 ప్రశ్నలు, రెండు గంటలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఒక్కొక్కటి 30, జనరల్ నాలెడ్జ్ 10. తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. నీట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది. ఈఏపీసెట్‌లో గుడ్డిగా గుర్తు పెట్టే అలవాటు ఈ రెండిట్లో కొంప ముంచుతుంది.

ఫిజిక్స్ అంటే వణికే బైపీసీ పిల్లలకు నేను చెప్పేది, మొత్తం వదిలేయకండి. సూత్రం గుర్తుంటే ఒక్క మెట్టులో జవాబు వచ్చే ప్రశ్నలు ప్రతి పేపర్లోనూ కొన్ని ఉంటాయి. యూనిట్లు, డైమెన్షన్లు, కరెంట్, సెమీకండక్టర్లు, న్యూక్లియర్ ఫిజిక్స్ లాంటి చాప్టర్లు పాత పేపర్లతో సాధన చేస్తే చాలామందికి అందుతాయి. బయాలజీ మాత్రం తెలుగు అకాడమీ పుస్తకం లైను లైనుగా చదవాలి. దానికి షార్ట్‌కట్ లేదు.

పరీక్షా కేంద్రాలు ఎక్కువగా ఊరి చివరి ఇంజినీరింగ్ కాలేజీల్లో పడతాయి. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్ వైపు మెట్రో లేదు. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. ముందు రోజే ఒకసారి వెళ్ళి దారి చూసి రండి.

ఫలితాలకూ కౌన్సెలింగ్‌కూ మధ్య జాగ్రత్త

అన్నిటికంటే ప్రమాదమైన కాలం ఇది. ఈఏపీసెట్ ఫలితాలు మేలో వచ్చేస్తాయి. నర్సింగ్ కౌన్సెలింగ్ మాత్రం వెంటనే మొదలవదు, నెలల తరబడి ఆగాల్సి వస్తుంది. ఈలోగా దోస్త్‌లో, అంటే డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లలో, సీట్లు ఇస్తారు. పక్కింటమ్మాయి కాలేజీకి వెళ్ళడం మొదలుపెడుతుంది. "ఖాళీగా కూర్చుంటే ఏడాది పోతుంది" అని ఇంట్లో ఒత్తిడి. సరే అని ఏదో ఒక కాలేజీలో చేరతారు. అక్కడ టీసీ, మెమో ఒరిజినల్స్ తీసుకుంటారు. ఆ తర్వాత నర్సింగ్ సీటు వస్తే ఆ ఒరిజినల్స్ బయటికి తేవడానికి మొత్తం కోర్సు ఫీజు కట్టమంటారు. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలే తప్ప దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ చెప్పింది. కానీ రిపోర్ట్ చేయడానికి రెండు రోజులు మాత్రమే ఉన్నప్పుడు యూజీసీకి ఉత్తరం రాస్తూ కూర్చోలేం కదా.

అందుకని, నర్సింగే కావాలని గట్టిగా అనుకుంటే ఒరిజినల్స్ ఎక్కడా ఇవ్వకుండా ఆగండి. ఆగే ధైర్యం లేకపోతే, లేదా ర్యాంకు బాగా వెనక ఉంటే, డిగ్రీలో చేరండి. కానీ చేరే ముందు ప్రిన్సిపాల్‌ను నేరుగా అడగండి, "నర్సింగ్ సీటు వస్తే సర్టిఫికెట్లు ఇస్తారా, ఎంత కట్టాలి" అని. జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోవడం మేలు. అప్పటికి ఇంటర్ కాలేజీ నుంచి టీసీ తెచ్చుకుని ఉండాలి. కార్పొరేట్ కాలేజీలో ఫీజు బకాయి ఉంటే టీసీ ఇవ్వడానికి తిప్పుతారు. ఆ బాకీ ఈ ఖాళీ నెలల్లోనే తీర్చుకోండి.

ఈ నెలల్లో వారానికి రెండుసార్లు కాళోజీ యూనివర్సిటీ వెబ్‌సైట్, నిమ్స్ వెబ్‌సైట్ తెరిచి చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "నర్సింగ్ నోటిఫికేషన్ వచ్చేసింది" మెసేజ్‌లు సగం పోయిన ఏడాదివి. పీడీఎఫ్ మీద తేదీ చూడకుండా నమ్మొద్దు.

దరఖాస్తు, మెరిట్ లిస్టు

నోటిఫికేషన్ వచ్చాక గడువు కొద్ది రోజులే. చివరి రోజు సైటు నత్తనడక నడుస్తుంది, పేమెంట్ కట్ అయి దరఖాస్తు పూర్తి కాదు. మొదటి రెండు రోజుల్లో పెట్టేయండి. నెట్ సెంటర్‌లో వేరేవాళ్ళు నింపితే, సబ్మిట్ నొక్కే ముందు ప్రతి గడినీ మీరే చదవండి. కులం, లోకల్ ఏరియా, పుట్టిన తేదీ, ఈఏపీసెట్ హాల్‌టికెట్ నంబరు, ఈ నాలుగూ ముఖ్యం. ఫోన్ నంబరు, మెయిల్ మాత్రం నెట్ సెంటర్ వాళ్ళవి ఇవ్వనే ఇవ్వొద్దు. పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉండిపోయి, ఆప్షన్ల రోజు షాపు మూసి ఉంటే ఏం చేస్తారు?

తర్వాత అప్‌లోడ్ చేసిన సర్టిఫికెట్లు పరిశీలించి ప్రొవిజనల్ మెరిట్ లిస్టు పెడతారు. అందులో మీ పేరు, కేటగిరీ సరిగా ఉన్నాయో లేదో ఆ రోజే చూడండి. బీసీ-బి అని ఉండాల్సింది ఓసీగా పడితే అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు చాలా చిన్నది. మెయిల్ పెట్టి, దానికి సర్టిఫికెట్ జతచేసి, జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ఫైనల్ లిస్టు వచ్చాక మార్చడం కష్టం.

వెబ్ ఆప్షన్లు

ఆప్షన్ల దగ్గర మనవాళ్ళు రెండు రకాలుగా దెబ్బతింటారు. "మన ర్యాంకుకు గాంధీ ఎక్కడొస్తుంది" అని మంచి కాలేజీలను అసలు పెట్టరు. లేదంటే హైదరాబాద్‌లో ఉన్నవి మాత్రమే పెట్టి ఆపేస్తారు. కంప్యూటర్ మీ మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మొదటిది రాకపోతే రెండోది చూస్తుంది, పైన పెద్ద కాలేజీ పెట్టినందుకు శిక్ష ఏమీ వేయదు. కాబట్టి వస్తుందా రాదా అన్న లెక్క పక్కన పెట్టి, మీకు ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరసలో పెట్టండి. చేరే ఉద్దేశమే లేని కాలేజీని మాత్రం పెట్టొద్దు. సీటు వచ్చి చేరకపోతే తర్వాతి విడతలకు అర్హత ఉంటుందా లేదా అన్నది నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. ఆ నిబంధన చదవకుండా ఆప్షన్ల పేజీ తెరవకండి.

గత ఏడాది ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో యూనివర్సిటీ పెట్టే అలాట్‌మెంట్ జాబితాలను బట్టి తెలుస్తుంది. ఆ పీడీఎఫ్ దింపుకుని మీ కేటగిరీ వరకు పెన్సిల్‌తో గీసుకోండి. అది మీకు సీటు వస్తుందన్న హామీ కాదు. ఎంత కిందికి ఆప్షన్లు పెట్టాలో అంచనా వేసుకోవడానికి పనికొస్తుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న, హైదరాబాద్‌లో ప్రైవేట్ కాలేజీ ముందు పెట్టాలా, జిల్లాలో ప్రభుత్వ కాలేజీ ముందు పెట్టాలా? నా ఓటు ప్రభుత్వ కాలేజీకే, అది జిల్లాలో ఉన్నా సరే. పక్కనే బోధనాసుపత్రి ఉంటుంది, రోగులు ఉంటారు, ఫీజు తక్కువ. అమ్మాయిని బయట ఉంచాలంటే ఇంట్లో బెంగ ఉంటుంది, అర్థమవుతుంది. కానీ నర్సింగ్ అంటే క్లాసురూమ్ చదువు కాదు. సూది చేయడం, క్యాథెటర్ వేయడం, కాన్పు వార్డులో రాత్రి డ్యూటీ, ఇవి రోగులు లేని చోట నేర్చుకోవడం కుదరదు. సొంత పెద్ద ఆస్పత్రి ఉన్న హైదరాబాద్ ప్రైవేట్ కాలేజీలు ఈ లెక్కలో బాగానే నిలబడతాయి. వాటిని ప్రభుత్వ కాలేజీల తర్వాత, ఆస్పత్రి లేని కాలేజీలను అన్నిటికంటే చివర పెట్టండి.

కాలేజీని వెళ్ళి చూడండి

ఆప్షన్లు పెట్టకముందే, మీ జాబితాలో ఉన్న ప్రైవేట్ కాలేజీల్లో రెండు మూడింటికైనా వెళ్ళి రండి. బిల్డింగు, ఏసీ, లాబీ చూసి రావడం కాదు. ముందుగా, ఆ ఏడాదికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో, తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఆ కాలేజీ ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూడండి. పేరుకు దగ్గరగా ఉండే ఇంకో కాలేజీని చూసి మోసపోకుండా అడ్రసుతో సహా సరిపోల్చండి.

బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల సొంత (పేరెంట్) ఆస్పత్రి ఉండాలని కౌన్సిల్ చెప్తుంది. బోర్డు మీద 100 పడకలుంటే సరిపోదు, పొద్దున పది గంటలకు ఓపీ దగ్గర నిలబడి చూడండి. జనం ఉన్నారా? వార్డుల్లో మంచాలు నిండాయా? క్లినికల్ పోస్టింగ్‌లకు ఎక్కడికి పంపుతారో అడగండి. పిల్లల వార్డుకు నిలోఫర్, కాన్పులకు పేట్లబుర్జు, సైకియాట్రీకి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, ఇలా ఆస్పత్రుల పేర్లు గడగడా చెప్పగలిగితే మంచిదే. "అన్నీ చూపిస్తాం మేడం" అంటే అనుమానించండి. బస్సు ఎవరు పెడతారు, యూనిఫాం, పుస్తకాలు, పరీక్ష ఫీజులు విడిగా ఎంత, హాస్టల్ తప్పనిసరా, ఇవన్నీ ఆఫీసులో అడగాల్సినవి. నిజం మాత్రం గేటు బయట టీ బండి దగ్గర సీనియర్లను అడిగితే తెలుస్తుంది. "వార్డులో మీ చేత పని చేయిస్తారా, చూడమంటారా" అన్న ఒక్క ప్రశ్న చాలు.

సీటు వచ్చిన రోజు

అలాట్‌మెంట్ వచ్చాక యూనివర్సిటీ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, అలాట్‌మెంట్ ఆర్డర్ దింపుకుని, గడువులోగా కాలేజీలో రిపోర్ట్ చేయాలి. ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్, ఫొటోలు, మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకెళ్ళండి. ఒరిజినల్స్ ఇచ్చాక వాటి జాబితాతో సంతకం, ముద్ర ఉన్న రసీదు అడిగి తీసుకోండి. మొదటి విడతలో నచ్చని కాలేజీ వచ్చి, తర్వాతి విడతలో పైకి వెళ్ళాలనుకుంటే, ఉన్న సీటు వదులుకోకుండా ఎలా కొనసాగాలో అప్పుడే కనుక్కోండి. మిగిలిన సీట్ల కోసం చివర్లో పెట్టే మాప్-అప్ విడతలో వదిలేసిన మంచి సీట్లు కొన్ని బయటికొస్తాయి, చివరిదాకా కన్ను వేసి ఉంచండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. ఎస్సీ, ఎస్టీలకు కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు, బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పట్నంలో 2 లక్షలు, పల్లెలో 1.5 లక్షల లోపు ఉండాలి. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే దీన్ని లెక్కలో వేసుకోండి. మేనేజ్‌మెంట్ కోటాలో, అంటే ప్రైవేట్ కాలేజీ యాజమాన్యం నింపుకునే సీట్లలో, చేరి రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యంగా రావడం ఇప్పుడు మామూలైపోయింది. అది వచ్చేదాకా కాలేజీ మిమ్మల్ని కట్టమంటుందా అన్నది చేరే రోజే తేల్చుకోండి.

సీటు రాకపోతే

మేనేజ్‌మెంట్ సీటు కొనే ముందు జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) గురించి ఆలోచించండి. మూడేళ్ళ డిప్లొమా. పూర్తయ్యాక కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. 2022 చివర్లో తెలంగాణ వైద్య నియామక బోర్డు 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు జీఎన్ఎం వాళ్ళకూ బీఎస్సీ వాళ్ళకూ ఇద్దరికీ అర్హత ఇచ్చింది. తేడా ఎయిమ్స్ ఉద్యోగాల్లో కనబడుతుంది. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి పెట్టే నార్‌సెట్ పరీక్షకు బీఎస్సీ వాళ్ళు నేరుగా కూర్చోవచ్చు, జీఎన్ఎం వాళ్ళకు 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ళ అనుభవం కావాలి.

బెంగళూరులో సీటు ఇప్పిస్తామని ఏజెంట్లు ఫోన్లు చేస్తారు. "అటెండెన్స్ అక్కర్లేదు, పరీక్షలప్పుడు వస్తే చాలు" అన్న మాట వినబడగానే ఫోన్ పెట్టేయండి. వార్డులో నిలబడకుండా నర్స్ అయినవాళ్ళను ఏ ఆస్పత్రీ ఎక్కువ రోజులు ఉంచుకోదు. నిజంగా మంచి కాలేజీలు అక్కడా ఉన్నాయి. వాటికి ఏజెంటు అవసరం లేదు, కాలేజీకే నేరుగా దరఖాస్తు చేయొచ్చు. అక్కడ చదివి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేయాలంటే రిజిస్ట్రేషన్ తెలంగాణ కౌన్సిల్‌కు మార్చుకోవాల్సి ఉంటుందని, దానికీ కాగితాలూ సమయమూ పడతాయని ముందే లెక్కలో వేసుకోండి.